వాడని విమాన టిక్కెట్టు: సొమ్ము తిరిగి పొందు విధానము

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములనుండి జీవనోపాధికై గల్ఫు దేశములకు పోవువారు అనేకులు కలరు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల మున్నగునవి ప్రత్యేక జిల్లాలైనవి గాని, ఈ వలస అంతకు ఎంతో పూర్వమునుండి వచ్చుచున్నదే. దుబాయి, మస్కటు, దోహా, రియాదు పోవువారు శంషాబాదులో విమానమెక్కుదురు. టిక్కెట్టు మాత్రము తమకు దగ్గరి పట్టణములోని ఏజెంటు వద్ద కొందురు.

వీసా సమయమునకు రాకపోవుట, వైద్య పరీక్షలో నిలిచిపోవుట, ఇంటిలో ఆపద కలుగుట, విమానమే రద్దగుట మొదలగు కారణములచేత ప్రయాణము ఆగిపోవచ్చును. టిక్కెట్టుకు పెట్టినది పలుమార్లు అప్పు సొమ్మే. ప్రయాణము ఆగినను వడ్డీ ఆగదు. కావున వాడని టిక్కెట్టుపై ఏ సొమ్ము రావలెనో, దానిని ఎవరినుండి ఎట్లు రాబట్టుకొనవలెనో ప్రతి కుటుంబము తెలిసికొని యుండుట అవసరము.

సొమ్ము వచ్చిన దారినే తిరిగి పోవును

ఈ విషయమున మొదట గ్రహింపవలసిన సూత్రమొకటి కలదు. విమాన సంస్థ సొమ్మును వాపసు చేయునపుడు అది ఏ ఖాతానుండి వచ్చినదో ఆ ఖాతాకే పోవును. ప్రయాణికుడు తన క్రెడిట్ కార్డుతో చెల్లించినచో అతని కార్డు ఖాతాకే జమయగును. అతడు ఏజెంటు చేతికి నగదు నిచ్చి, ఏజెంటు తన కార్డుతోనో తన ఖాతానుండియో టిక్కెట్టు కొన్నచో, వాపసు సొమ్ము ఏజెంటుకే చేరును. అప్పుడు బ్యాంకు దృష్టిలో ప్రయాణికునకును ఆ చెల్లింపునకును సంబంధము లేదు. చేతిలో రశీదు లేనివాడు ఏజెంటు దయపై ఆధారపడవలసి వచ్చుట ఇందువలననే.

కార్డుతో చెల్లించినవారు తమ కార్డు లెక్కపత్రమును చూడవలెను. అందులో విమాన సంస్థ పేరున్నచో సొమ్ము నేరుగా ఆ సంస్థకు చేరినదని అర్థము. ఏజెంటు దుకాణము పేరున్నచో ముందుగా ఏజెంటు తీసికొన్నాడని అర్థము. వాపసు అడుగుటకు ఈ భేదము ముఖ్యము.

ఎంత తిరిగి రావలెను?

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వారి నిబంధనలు 2016 ఆగస్టు 1 నుండి సవరించబడి అమలులోనికి వచ్చినవి. వాటి ప్రకారము రద్దు రుసుము ప్రాథమిక ఛార్జీని, ఇంధన ఛార్జీని కలిపిన మొత్తమునకు మించరాదు. ప్రయాణికుడు విమానమునకు రాకపోయినను, టిక్కెట్టు వాపసు లేని తగ్గింపు ధర టిక్కెట్టే అయినను, ప్రభుత్వ పన్నులను, విమానాశ్రయ రుసుములను తిరిగి యీయవలెను. వాపసు చేయుటకు విమాన సంస్థ అదనపు రుసుము పుచ్చుకొనరాదు.

ఉదాహరణమునకు ఒక టిక్కెట్టు ధర 18,000 రూపాయలనుకొందము. అందు ప్రాథమిక ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిసి 14,500 రూపాయలు, పన్నులును విమానాశ్రయ రుసుములును 3,500 రూపాయలు. టిక్కెట్టు వాపసు లేనిదైనను ఈ 3,500 రూపాయలు ప్రయాణికునివే. “ఒక్క పైసా రాదు” అన్న మాట విని ఊరకుండరాదు.

కార్డుతో చెల్లించిన టిక్కెట్టుకు రద్దయిన 7 దినములలో సొమ్ము చేరవలెనని ఆ నిబంధనలు విధించినవి. ఏజెంటు ద్వారా కొన్న టిక్కెట్టు విషయమున, ఏజెంటు విమాన సంస్థ నియమించిన ప్రతినిధియే గనుక, వాపసు బాధ్యత ఆ సంస్థదేయని చెప్పి 30 పనిదినముల గడువు పెట్టినవి. ఈ గడువును 21 పనిదినములకు తగ్గింపవలెనని 2025 నవంబరులో ముసాయిదా ప్రకటింపబడినది. కావున టిక్కెట్టు కొన్న నాటికి ఏ గడువు అమలులో నున్నదో విచారించుకొనవలెను. విదేశీ విమాన సంస్థల వాపసులు వాటి స్వదేశ నిబంధనల ననుసరించి యుండును.

2020 నాటి తీర్పు

కరోనా కాలమున 2020 మార్చి 25 నుండి మే 24 వరకు విమానములు నిలిచిపోయినప్పుడు ఈ ప్రశ్న దేశమంతట వచ్చినది. ప్రవాసీ లీగల్ సెల్ అను సంస్థ మున్నగువారు సుప్రీంకోర్టు నాశ్రయింపగా 2020 అక్టోబరు 1న తీర్పు వెలువడినది. ఆ దినములలోనే కొని, ఆ దినములలోనే ప్రయాణింపవలసిన టిక్కెట్లకు పూర్తి సొమ్ము నీయవలెననియు, ఏజెంటు ద్వారా కొన్నచో సంస్థనుండి వచ్చిన సొమ్మును ఏజెంటు వెంటనే ప్రయాణికునకు అందజేయవలెననియు కోర్టు ఆదేశించినది. ఏజెంటు చేతికి వచ్చిన వాపసు ప్రయాణికుని సొమ్మే యను సంగతి దీనివలన స్పష్టమైనది.

చేయవలసిన పనులు

1. ప్రయాణము మానుకొన్నచో విమానము బయలుదేరు వేళకు ముందే టిక్కెట్టు రద్దు చేయింపవలెను. ఊరకున్నచో నష్టము పెరుగును.

2. రద్దు కోరికను నోటిమాటగా గాక వ్రాతపూర్వకముగా ఏజెంటుకును విమాన సంస్థకును పంపవలెను. ఫోను సందేశమైనను, ఈమెయిలైనను భద్రపరచవలెను.

3. టిక్కెట్టు ప్రతి, పి.ఎన్.ఆర్. సంఖ్య, ఏజెంటు రశీదు, కార్డు లెక్కపత్రము ఒకచోట నుంచవలెను. ఏజెంటు తన సేవకై పుచ్చుకొన్న రుసుమును రశీదులో విడిగా వ్రాయించుకొనవలెను.

4. విమాన సంస్థే విమానమును రద్దు చేసినచో, సొమ్ముకు బదులు మరొక ప్రయాణమునకు పనికివచ్చు జమను ఇచ్చెదమనవచ్చును. దానిని అంగీకరించుట ప్రయాణికుని ఇష్టము, బలవంతము లేదు.

5. వాపసు వచ్చులోపల కార్డు బిల్లు గడువు రావచ్చును. గడువు దాటినచో బ్యాంకు అధిక వడ్డీ వేయును. కావున బిల్లును సకాలమున కట్టుచునే వాపసునకై ప్రయత్నింపవలెను.

బ్యాంకు ద్వారా వివాదము

క్రెడిట్ కార్డువలన ఒక మేలు కలదు. విమానము నడువకపోయినను, అంగీకరించిన వాపసు రాకపోయినను, కార్డుదారుడు తన బ్యాంకునకు వివాద దరఖాస్తు పెట్టవచ్చును. బ్యాంకు ఆ సొమ్మును పుచ్చుకొన్నవారి బ్యాంకునుండి వెనుకకు కోరును. వీసా, మాస్టర్ కార్డు నియమములలో చాలా రకముల వివాదములకు 120 దినముల గడువు కలదు. ఏజెంటు “రేపు, మాపు” అని త్రిప్పుచుండగా ఈ గడువు దాటిపోకుండ చూచుకొనవలెను. అయితే వాపసు లేని టిక్కెట్టును ప్రయాణికుడే మానుకొన్నచో, ఛార్జీ మొత్తము ఈ మార్గమున వచ్చునని ఆశింపరాదు.

విమాన సంస్థయే మూతపడినప్పుడు ఈ మార్గము విలువ మరింత తెలియును. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, గో ఫస్ట్ 2023 మే 3న విమానములను నిలిపివేసినవి. దివాలా విచారణలో ప్రయాణికుడు పలువురు ఋణదాతలలో ఒకడై వేచియుండవలెను. కార్డుదారునకు మాత్రము బ్యాంకు తలుపు తట్టు అవకాశము మిగిలియుండును.

పై అధికారులకు ఫిర్యాదు

విమాన సంస్థపై ఫిర్యాదును పౌర విమానయాన మంత్రిత్వ శాఖవారి ఎయిర్ సేవలో నమోదు చేయవచ్చును. ఏజెంటుపైనను, సంస్థపైనను జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుపవచ్చును. బ్యాంకు 30 దినములలో సమాధానమీయనిచో, లేక దాని సమాధానము తృప్తికరముగా లేనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. దీనికి ఉచిత ఫోను సంఖ్య 14448.

ఇవి ఫలింపనిచో జిల్లా వినియోగదారుల వివాద పరిష్కార కమిషను కలదు. 2020 జూలై 20న అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ఫిర్యాదుదారుడు తాను నివసించు చోటనే కేసు వేయవచ్చును. సంస్థ కార్యాలయము ఢిల్లీలోనో బొంబాయిలోనో యున్నను అంత దూరము పోనక్కరలేదు. కరీంనగరు, ఆదిలాబాదులలో కమిషనులున్నవి. 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన వ్యవహారమునకు రుసుము లేదు. వివాద కారణమేర్పడిన 2 సంవత్సరములలో ఫిర్యాదు వేయవలెను.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దల మాట. టిక్కెట్టు కొను దినముననే రశీదు నడిగి పుచ్చుకొన్నవానికి, ప్రయాణము ఆగిన దినమున అడుగుటకు ఆధారముండును. దూరదేశమునకు పోవు యువకునకు ఆ కాగితములను భద్రపరచి యిచ్చుట ఇంటిలోని చదువుకొన్నవారు చేయదగిన మేలు.