చూపుకి దూరం కావాలి

ఏలూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో పవర్‌పేట దాటాక వచ్చే చిన్న స్టేషన్ వట్లూరు. సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఇక్కడే ఉంది, రామచంద్రా ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఇక్కడే. ఇదే రైలు మార్గంలో అటు తాడేపల్లిగూడెం వెళితే 2015లో మొదలైన ఎన్‌ఐటీ. నాలుగో ఏడాది వచ్చేసరికి ఈ కాలేజీల హాస్టళ్లలో, చుట్టుపక్కల అద్దెగదుల్లో ఒకటే మాట: "కళ్లు లాగేస్తున్నాయిరా, తల పగిలిపోతోంది." దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "రాత్రి రెండింటిదాకా కుర్చీలోంచి లేస్తే ఒట్టు." మొదటి మాటలో బాధ ఉంది, రెండో మాటలో గర్వం ఉంది. ఆ బాధ తగ్గాలంటే ముందు ఆ గర్వం సంగతి చూడాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ గర్వం పిల్లలు సొంతంగా తెచ్చుకున్నది కాదు, మనం నేర్పిందే. పుస్తకంలోంచి తల ఎత్తనివాడు బుద్ధిమంతుడని చిన్నప్పటి నుంచీ మెచ్చుకున్నాం. ఇంటర్ రెండేళ్లూ స్టడీ అవర్లలో కిటికీ వైపు చూస్తే కేకలేశాం. ఎంత అర్థమైందో కొలవడం కష్టం, ఎంతసేపు కూర్చున్నాడో చూడటం తేలిక. కాబట్టి కూర్చోవడమే చదువయింది. అదే పిల్లవాడికి ల్యాప్‌టాప్ కొనిచ్చాక కదలకుండా ఆరేడు గంటలు తెరకి అతుక్కుపోతే, నొప్పి వచ్చినా లేవకపోతే, అది పట్టుదల అనుకుంటాడు. ఒంట్లో నొప్పి పుడితే దాన్ని లెక్కచేయకపోవడం పట్టుదల అని నేను ఒప్పుకోను. ఎప్పుడు ఆగాలో తెలిసినవాడి చేతిలోనే పని ఉంటుంది. తెలియనివాడు పని చేతిలో ఉంటాడు.

కంటి లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట ఇంకా బాగా బోధపడుతుంది. కంట్లోని కటకం చుట్టూ సన్నటి కండరం ఉంటుంది. దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు అది వదులుగా ఉంటుంది. దగ్గరి వస్తువు కనబడాలంటే అది బిగుసుకోవాలి, అప్పుడు కటకం ఉబ్బుతుంది. 6 మీటర్లు, అంటే సుమారు 20 అడుగులు దాటిన దేన్ని చూసినా ఆ కండరానికి దాదాపు పని లేనట్టే. అరమీటరు దూరంలో ల్యాప్‌టాప్ ఉంటే కటకం 2 డయాప్టర్ల శక్తి అదనంగా తెచ్చుకోవాలి. జానెడు దూరంలో ఫోన్ పట్టుకుంటే అది 4 దాటుతుంది. దీనికి తోడు రెండు కళ్లూ ముక్కు వైపు తిరిగి ఒకే అక్షరం మీద నిలవాలి. ఆ పని చేసే కండరాలు వేరు. పిడికిలి బిగించి మూడు గంటలు ఉండమంటే ఎవరూ ఉండరు, కంటిని మాత్రం ఉండమంటాం.

ఏలూరు పక్కన సోమవరప్పాడులో 1908లో పుట్టిన ఎల్.వి.ప్రసాద్ జీవితమంతా తెర కోసమే పనిచేశారు. 1931 నాటి తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లోనూ, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ ఆయన నటించారు. తరవాత ఆయన ఇచ్చిన స్థలం, విరాళం ఆసరాగా డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో కంటి ఆస్పత్రి నెలకొల్పారు. 1987లో మొదలైన ఆ సంస్థకు ఎల్.వి.ప్రసాద్ పేరే పెట్టారు. తెరనే నమ్ముకున్న మనిషి పేరు మీద కళ్లు బాగుచేసే చోటు వెలవడం మన ప్రాంతం గర్వపడాల్సిన సంగతి. అయితే ఆయన కాలపు తెర హాల్లో ఆ చివరన ఉండేది. మూడు గంటల సినిమా చూసినా కంటి కండరానికి శ్రమ తక్కువ. ఇప్పుడు తెర ఒళ్లోకి వచ్చి కూర్చుంది, చూపుకి కావలసిన దూరం పోయింది.

కళ్లు లాగడానికి రెండో కారణం రెప్ప. మామూలుగా నిమిషానికి 15 సార్లకు పైగా రెప్ప వేస్తాం. తెర మీద ధ్యాస పెట్టి చూసేటప్పుడు అది 5, 7 దగ్గరికి పడిపోతుంది, వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. రెప్ప పడినప్పుడల్లా కంటిమీద కన్నీటి పొర కొత్తగా పరుచుకుంటుంది. పడకపోతే ఆ పొర చిరిగి, కన్ను ఎండి, మంట పుడుతుంది. ఎండిన కన్ను తనను తాను కాపాడుకోవడానికి ఉన్నట్టుండి నీళ్లు కారుస్తుంది. అందుకే చాలామంది "నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఎండిపోవడం ఏమిటి?" అంటారు. ఆ నీళ్లు ఎండినందుకే. మన అద్దెగదుల్లో మంచానికి సరిగ్గా పైన ఫ్యాను ఉంటుంది. దాని కింద వెల్లకిలా పడుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని రాత్రంతా గాలి మొహాన కొట్టించుకుంటారు. కన్ను ఎండడానికి ఇంతకన్నా ఏం కావాలి? మే నెల ఉక్కలో ఫ్యాను ఆపమని చెప్పను. మంచం మీంచి బల్ల దగ్గరికి, గాలి నేరుగా మొహం మీదకి రాని చోటుకి మారండి చాలు.

దగ్గరి చూపు పనులు ఈ జిల్లాలకి కొత్త కావు. ఏలూరు తివాచీలు ముడి ముడికీ కన్ను పెట్టి నేసినవే. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు తరాలుగా లేసు అల్లుతున్నారు. ఆ లేసు అల్లేవాళ్లని నేను చాలాసేపు గమనించాను. అరుగు మీద, పగటి వెలుతురులో, పక్కవాళ్లతో మాట్లాడుతూ అల్లుతారు. చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది, చూపు మాత్రం వీధిలోకి పోయి వస్తుంది. ఎవరు వెళుతున్నారో చూస్తారు, పలకరిస్తారు, మళ్లీ దారం మీదికి వస్తారు. ఆ పనిలో కష్టం లేదనీ, కూలి సరిపోతుందనీ అనడం లేదు. పనిలోనే దూరపు చూపు కలిసి ఉందంటున్నాను. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో అచ్చువేసిన పుస్తకంలో సన్నపని చేసేవాళ్ల కళ్ల గురించి రాశాడు. అప్పుడప్పుడు పని పక్కన పెట్టి చూపు మరల్చమన్నాడు. కరెంటు దీపం కూడా లేని రోజుల్లో చెప్పిన సలహా అది.

ఆ సలహాకే 1990లలో అమెరికా కంటి నిపుణుడు జెఫ్రీ యాన్షెల్ గుర్తుపెట్టుకునే రూపం ఇచ్చాడు: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడు. ఈ 20లు కొలిచి తేల్చిన హద్దులు కావు, నోటికి పట్టేలా పెట్టుకున్న గుర్తు. పావుగంటకి చూసినా, అరగంటకి చూసినా మేలే. ఇది తెలియనివాళ్లు ఇప్పుడు తక్కువ. చేసేవాళ్లు ఇంకా తక్కువ. ఎందుకు చేయరు? బద్ధకం అని నేననుకోను. ప్రోగ్రాం రాస్తూ మధ్యలో చూపు తిప్పితే ఆలోచన తెగిపోతుందని భయం. ఆ భయంలో నిజం ఉంది కూడా. దానికి నాకు తెలిసిన మందు కాగితం, పెన్ను. లేచే ముందు, తరవాత చేయాల్సింది ఏమిటో ఒక్క వాక్యం రాసిపెట్టండి. "ఈ లూపు చివర సున్నా వస్తే ఏం చేయాలో చూడాలి" అని రాస్తే చాలు. ఆ వాక్యం మీ కోసం కాచుకుని ఉంటుంది, బుర్ర దాన్ని మోయనక్కర్లేదు. ఇలా రాయడం అలవాటైన పిల్లల్లో ఇంకో మార్పు వస్తుంది. ఏం చేస్తున్నారో వాళ్లకే తేటగా తెలుస్తుంది. లేచి వచ్చాక తప్పు వెంటనే కంటపడటమూ ఉంది.

మరి దేన్ని చూడాలి? ఈ విషయంలో వట్లూరు పిల్లలు అదృష్టవంతులు. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక కిటికీ తీస్తే ఎదుటి అపార్టుమెంటు గోడ కనబడుతుంది. ఇక్కడ డాబా ఎక్కితే గూడ్సు బండి పోతూ కనబడుతుంది. దక్షిణంగా వరి చేలు, చేపల చెరువులు, వాటి అవతల కొల్లేరు. కొండ అన్నది అడ్డురాని నేల అది. ఆదివారం కైకలూరు దగ్గర ఆటపాక వెళితే నీళ్ల మీద గూడబాతులు కనిపిస్తాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఇంత దగ్గర్లో ఉండగా, నాలుగేళ్లు ఇక్కడ చదివి దాన్ని ఫోన్‌లోనే చూసి వెళ్లిపోయేవాళ్లున్నారు. నాకది నిజంగా బాధ కలిగిస్తుంది. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి. చిన్నపిల్లలు రోజూ రెండు గంటలు ఆరుబయట గడిపితే దూరపు చూపు మందగించే ముప్పు తగ్గుతుందని తైవాన్, చైనా బడుల్లో జరిపిన పరిశీలనల్లో తేలింది.

ఇప్పుడు కాస్త మొహమాటం లేకుండా కళ్లజోడు గురించి. తల నొప్పి వస్తోంది, చూపు మాత్రం బాగానే ఉంది అంటారు చాలామంది. గోడ మీది చివరి వరుస దాకా చదివేస్తారు. కానీ కాస్త దీర్ఘదృష్టి ఉన్న కుర్రకళ్లు కండరాన్ని అదనంగా బిగించి ఆ లోటు పూడ్చుకుంటాయి. పరీక్షలో పాసవుతాయి, సాయంత్రానికి కనుబొమల మీద పోటు పెడతాయి. కొద్దిపాటి ఆస్టిగ్మాటిజం, అంటే కనుగుడ్డు వంపులో తేడా, ఉన్నా అంతే. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలకి కంటి పరీక్షలు మొదలుపెట్టింది. ఆనాటి పిల్లలు చాలామంది ఇప్పుడు ఇంజనీరింగ్‌లో ఉన్నారు. అప్పుడు బాగుంది అన్న మాట ఇప్పటికి పనికిరాదు, మళ్లీ చూపించుకోవాలి.

అద్దాలు పెట్టుకుంటే సైటు పెరుగుతుందన్న మాట తప్పు. అమ్మాయికి సైటుందని తెలిస్తే సంబంధం రాదని, కళ్లజోడు కాలేజీ సంచిలోనే దాచమనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ అమ్మాయి రోజూ తలపోటుతో చదువుతుంది. తన కంటికి ఏం కావాలో నలుగురిలో చెప్పి, పెట్టుకుని తిరగడం చిన్న పనిగా కనబడుతుంది కానీ, ఇంటర్వ్యూల్లో అడిగే ఆత్మవిశ్వాసం అలాంటి చోటే మొదలవుతుంది. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో దయచేసి కూతురి పక్కన నిలబడండి.

నీలికాంతి ఆపే అద్దాలని వేలకు వేలు పెట్టి కొంటున్నారు. వాటివల్ల కంటి అలసట తగ్గినట్టు కనబడలేదని వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష చెప్పింది. ఆ డబ్బు పెట్టి విడిగా ఒక కీబోర్డు కొనుక్కోండి. ల్యాప్‌టాప్‌లో తెరా, మీటలూ అతుక్కుని ఉండటం అసలు చిక్కు. మీటలు చేతికి అందితే తెర కిందికి పోయి మెడ వంగుతుంది. మెడ వెనక పట్టేసిన కండరాలే తల వెనక నుంచి నుదుటిదాకా నొప్పి పాకిస్తాయి. లావు పుస్తకాలు నాలుగు పెట్టి ల్యాప్‌టాప్ ఎత్తండి. తెర పై అంచు కంటికి సమంగా గానీ, కాస్త కిందగా గానీ ఉండాలి, దూరం చేయి చాపినంత. కిటికీ వెలుగు తెరమీద పడకుండా పక్కకి తిరగండి.

తలనొప్పి అనగానే మన ఇళ్లలో చేయి అమృతాంజనం డబ్బా వైపు పోతుంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో తయారుచేసి అమ్మిన మందు అది. ఆ రాబడితో ‘ఆంధ్రపత్రిక’ నడిపారు. నుదుటికి రాసుకుంటే హాయిగా ఉంటుంది, రాసుకోండి. మాత్రల సంగతి వేరు. నెలలో 15 రోజులు, అంతకన్నా ఎక్కువ మామూలు నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. కంటి చుక్కల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మంట, ఎరుపు అని చెబితే మందుల షాపులో ఇచ్చే కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. ఒక్కరోజులో ఎరుపు పోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తారు. డాక్టరు చెప్పకుండా అలా వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. పోయిన చూపు గ్లకోమాలో తిరిగి రాదు.

అన్ని తలనొప్పులూ తెర వల్ల వచ్చేవి కావు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, నిద్ర లేవగానే నొప్పితో వాంతులు, ఒక వస్తువు రెండుగా కనబడటం, కన్ను ఎర్రబడి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ నొప్పి రావడం, చూపులో కొంత భాగం మాయమవడం: వీటిలో ఏది ఉన్నా ప్లేస్‌మెంట్ పరీక్ష రేపున్నా సరే, ఈ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఏలూరులో ప్రభుత్వ బోధనాసుపత్రి ఉంది, విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ సంస్థ శాఖ ఉంది.

అంత అత్యవసరం కాని పరీక్షకైతే ఒక పని చేసి వెళ్లండి. మీరు రోజూ కూర్చునే చోట, రోజూ కూర్చునే తీరులో కూర్చుని, కంటి నుంచి తెరకి ఎంత దూరముందో స్నేహితుడి చేత టేపు పెట్టి కొలిపించుకోండి. ఫోన్ దూరం కూడా కొలవండి. రోజుకెన్ని గంటలు, నొప్పి ఏ వేళకి మొదలవుతుంది, కనుబొమల దగ్గరా మెడ వెనకా, ఇవన్నీ ఒక చీటీ మీద రాయండి. డాక్టరు గోడ మీది అక్షరాలు చదివించడం పూర్తయ్యాక ఆ చీటీ ఇచ్చి, "నేను పనిచేసేది ఈ దూరంలో సార్, ఇక్కడ కూడా పరీక్ష చేయండి, రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయో లేదో చూడండి" అని అడగండి.