వేపనూనె నీళ్లలో ఎందుకు విడిపోతుంది?

ఈసారి పాఠం మల్బరీ తోటకు మందు కొట్టేటప్పుడు ట్యాంకు లోపల జరిగే సంగతి.

ముందు నా తప్పు చెప్తాను. రెండేండ్ల కింద తోటకు తెల్లదోమ పడింది. 15 లీటర్ల ట్యాంకులో బోరు నీళ్లు పోసి, బట్టల సబ్బు కరిగించి, వేపనూనె కలిపినాను. పాల మాదిరి తెల్లగా అయింది, సరే అని భుజానికెత్తుకున్నా. నాలుగు సాళ్లు కొట్టేలోగా నూనె విడిపోయి పైకి తేలింది. పంపు అడుగు నుంచి లాగుతుంది కదా, మొదటి సాళ్లకు వట్టి సబ్బునీళ్లు, కడసాళ్లకు చిక్కటి నూనె. దోమ పోలేదు. ఆగాల్సిన రోజులు ఆగే ఆకు కోసినాం, అయినా కడసాళ్ల ఆకు వేసిన తట్టల్లో నాలుగో జ్వరం లేచిన పురుగులు మేత సరిగ్గా ముట్టలేదు. పక్క తట్టల పురుగులు చంద్రికకు ఎక్కిన రోజున ఇవి ఇంకా సన్నగానే ఉన్నాయి.

నూనెకు, నీళ్లకు పొత్తు కుదరదు. మధ్యలో రెంటినీ పట్టుకునే సరుకు కావాలి, దాన్నే సర్ఫాక్టెంట్ అంటారు. సబ్బు అలాంటిదే. ఒక కొస నూనెను పడుతుంది, ఇంకో కొస నీళ్లను. నీళ్ల వైపు కొసకు మైనస్ చార్జి ఉంటుంది, అందుకే సబ్బు చుట్టుకున్న నూనె బొట్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కలవవు. మన పక్క చాలా బోర్లలో నీళ్లు గట్టివి, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి ప్లస్ చార్జివి. సబ్బును పట్టుకొని తెల్ల పెళ్లలు కట్టేస్తాయి. బట్టలు ఉతికిన బకెట్టు అంచుకు పట్టే జిడ్డు అదే. సబ్బంతా అటు పోయినాక నూనె బొట్టును కాసేవాళ్లు లేరు.

పాలిమర్ జాతి సర్ఫాక్టెంట్ అట్ల కాదు. పాలిమర్ అంటే పొడుగాటి గొలుసు. సబ్బు అణువుకు ఒక్కచోటే పట్టు, వస్తుంది, పోతుంది. గొలుసు బొట్టును చాలాచోట్ల పట్టుకుంటుంది. ఒకచోట పట్టు వదిలినా మిగతాచోట్ల ఉంటుంది. పట్టుకోని భాగం నీళ్లలోకి వెంట్రుకల మాదిరి లేచి నిలబడుతుంది. రెండు బొట్లు దగ్గరికొస్తే ఈ వెంట్రుకలకు చోటు చాలదు, ఒకదాన్నొకటి నెడతాయి. ఈ నెట్టుడుకు చార్జితో పనిలేదు, కాబట్టి గట్టి నీళ్లు దీన్ని అంత సులభంగా చెడపలేవు.

రోజూ చూసే ఉదాహరణ పాలు. పాలలో కేసీన్ ఉండలకు ఇట్లాంటి వెంట్రుకలే ఉంటాయి. తోడు వేస్తే పులుపుకు అవి అణిగిపోతాయి, ఉండలు ఒకదానికొకటి అంటుకొని పెరుగు పేరుకుంటుంది.

మన గూటిలోనూ ఉంది. పెంకులో సుమారు పావు వంతు సెరిసిన్ అనే జిగురు. అదీ పొడుగు గొలుసే. రీలర్ బేసిన్‌లో గూళ్లు ఉడికినప్పుడు సబ్బు వేయకున్నా నురగ వస్తుంది చూడండి, గాలి బుడగ చుట్టూ సెరిసిన్ పొర కట్టడం వల్లే అది.

పొడి మందుల సంగతి కొంచెం వేరు. నీళ్లలో కలిపే పొడుల్లో చాలావాటికి లిగ్నోసల్ఫొనేట్ కలుపుతారు. కాగితం మిల్లులో కట్టెను ఉడికించినప్పుడు దొరికే పాలిమర్ అది. రేణువుల చుట్టూ అంటుకొని గడ్డ కట్టనీదు. అయినా రేణువు బరువుది, నిలబెడితే అడుగుకు దిగుతుంది. దిగడం వేరు, గడ్డకట్టడం వేరు. దిగిందైతే కదిలిస్తే మళ్లీ కలుస్తుంది.

గొలుసు మరీ తక్కువైతే కథ తిరగబడుతుంది. ఒకే గొలుసు రెండు రేణువులను పట్టి ముడి వేస్తుంది. మన అవ్వలు బురద నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు కదా, నీళ్లు తేరేదానికి ఆ ముడే ముఖ్య కారణం. కుండలో అది మంచిది, మందు ట్యాంకులో చేటు.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. ఎమల్సిఫయర్ కలిపే అమ్మే వేపనూనె కొంటాను. వట్టి నూనె అయితే చిన్న గిన్నెలో ముందు నూనె, ఎమల్సిఫయర్ బాగా కలిపి, తర్వాత నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తాను. నీళ్లు కృషి హొండవి, వాననీళ్లు కాబట్టి మెత్తగా ఉంటాయి. సబ్బు వేసిన ట్యాంకులో జింక్, మెగ్నీషియం లాంటి పోషకాలు కలపొద్దు. గట్టి నీళ్లు చేసే పనే అవీ చేస్తాయి. చాలామంది ఒక కూలి మిగుల్తుందని రెండూ ఒకేసారి కొడతారు, నేనూ కొట్టినవాణ్నే.

ట్యాంకు కలిపే ముందు గాజు సీసాలో అదే నీళ్లు, అదే లెక్కన మందు పోసి బాగా ఊపి అరగంట పెట్టండి. పైన నూనె చారగానీ, లోపల పెళ్లలుగానీ కనిపిస్తే ఆ కలపకం తోటకు వద్దు. కొట్టినాక ఎన్నాళ్లకు ఆకు కోయాలో మీ టెక్నికల్ సార్‌ను అడిగి సీసా మీదే రాసి పెట్టుకోండి. సీసాలో మీకేం కనిపించిందో ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, ఏ బోరు నీళ్లో కూడా రాయండి.