వర్చువల్ ప్రోటోటైప్: తయారీకి ముందే పరీక్ష

వస్తువును తయారుచేయక ముందే కంప్యూటర్‌లో దాని త్రీడీ నమూనా గీసి, బరువు, వేడి, గాలి, ఢీకొన్నప్పటి దెబ్బ ఎలా తట్టుకుంటుందో లెక్కగట్టడమే వర్చువల్ ప్రోటోటైపింగ్. గీయడానికి క్యాడ్, బలం తేల్చడానికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, గాలి ప్రవాహానికి సీఎఫ్‌డీ. పూర్తిగా కంప్యూటర్‌లోనే డిజైన్ చేసిన తొలి జెట్ విమానం బోయింగ్ 777. తొలిసారి ఎగిరింది 1994 జూన్ 12న.

మన సీమకు దగ్గరి ఉదాహరణ కార్ల కంపెనీ కియా. పెనుకొండ వద్ద ఎర్రమంచి ఫ్యాక్టరీ 2019 డిసెంబరు 5న ప్రారంభమైంది. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. 2019లోనే హ్యుందాయ్, కియా కలిసి దక్షిణ కొరియాలోని నమ్యాంగ్‌లో 1,500 కోట్ల వాన్‌లతో వర్చువల్ రియాలిటీ (వీఆర్) డిజైన్ కేంద్రం నెలకొల్పాయి. వీఆర్ కళ్లద్దాలు పెట్టుకుని ఒకేసారి 20 మంది, ఇంకా పుట్టని కారు తలుపులు తీసి, లోపల కూర్చుని లోపాలు పట్టుకోవచ్చు. హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం మన హైదరాబాద్‌లో 2006 నుంచే ఉంది.

అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలంలో చదువుకునే పిల్లలకు ఈ పాఠం మరీ దగ్గరిది. అక్కడి పొలాల మధ్య తిరిగే గాలిమరల రెక్కల వంపును తేల్చేవీ ఇలాంటి లెక్కలే. అయినా కంప్యూటర్ ఒక్కటే చాలదు: అసలు రెక్కను వంచి పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400-23.