పోకెమాన్ కార్డులతో ఒక లెక్కల పాఠం



"ఇంకొక్క ప్యాకెట్ కొనివ్వండి, సెట్ పూర్తయిపోతుంది!" పోకెమాన్ కార్డులు ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. సరే అనే ముందు, వద్దు అనే ముందు, పిల్లల చేతికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి.

1996లో జపాన్‌లో మొదలైన ఈ ఆటలో, ప్యాకెట్ విప్పేదాకా లోపల ఏ కార్డులున్నాయో తెలియదు. సంభావ్యత పాఠం మొదలయ్యేది అక్కడే.

ఆఖరి కార్డు ఖరీదు

ఒక సెట్‌లో 100 రకాల కార్డులున్నాయని, అన్నీ సమానంగా దొరుకుతాయని అనుకుందాం. మొదటి 50 రకాలు చేరడానికి సగటున 69 కార్డులు చాలు. మొత్తం 100 రకాలూ చేరాలంటే మాత్రం సగటున 519 కార్డులు కావాలి! కారణం తేలికే. 99 రకాలు చేతిలో ఉన్నప్పుడు, కొత్తది వచ్చే అవకాశం నూటికి ఒక్కటే. ఆ ఒక్క కార్డు కోసమే సగటున 100 కార్డులు తీయాలి. అంటే సెట్ పూర్తి కావచ్చేకొద్దీ ఒక్కో కొత్త కార్డు ఖరీదు పెరుగుతుంది. నిజమైన సెట్లలో కొన్ని కార్డులు అరుదు కాబట్టి ఖర్చు ఇంకా ఎక్కువే. రిపీట్ కార్డులను స్నేహితులతో మార్చుకోవడం ఎంత లాభమో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

ఇంట్లో చేయించండి (4 నుంచి 7 తరగతులు)

1. లూడో పాచికను 1 నుంచి 6 వరకు అన్ని అంకెలూ పడేదాకా వేయమనండి. ఎన్నిసార్లు వేశారో రాయాలి.
2. ఇలా 20 సార్లు చేసి సగటు కట్టాలి. అది 14.7కు దగ్గరగా వస్తుంది.
3. ప్యాకెట్ కొన్నప్పుడల్లా కొత్తవి ఎన్ని, రిపీట్లు ఎన్ని అని పట్టిక వేసి గ్రాఫ్ గీయాలి.

పెద్ద తరగతులకు (8 నుంచి 10)

ఈ ఆటలో డెక్‌కు 60 కార్డులు. మొదట 7 కార్డులు తీస్తారు. వాటిలో కనీసం ఒక బేసిక్ పోకెమాన్ ఉండాలి. లేకపోతే కార్డులు చూపించి, కలిపి, మళ్లీ తీయాలి. అప్పుడు ఎదుటి ఆటగాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. మరి డెక్‌లో బేసిక్‌లు ఎన్ని పెట్టాలి?

4 పెడితే: 40 శాతం అవకాశం
8 పెడితే: 65 శాతం
12 పెడితే: 81 శాతం
16 పెడితే: 90 శాతం

ప్రతిసారీ నాలుగే కలిపాం. కానీ పెరుగుదల 25, 16, 9గా తగ్గుతూ వచ్చింది. పైగా బేసిక్‌లు పెరిగితే మిగతా కార్డులకు చోటు తగ్గుతుంది. ఎక్కడ ఆపాలో, ఎందుకో మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. జవాబు ఏదైనా, కారణం అంకెలతో చెప్పాలి.

నెలకు ఎన్ని ప్యాకెట్లు కొనాలో ఆ పట్టిక ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి నిర్ణయించండి. మీరు 'వద్దు' అన్నదాని కన్నా, పిల్లలు సొంతంగా వేసుకున్న లెక్క వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.