ఈస్ట్ ఎలా అతుక్కుంటుంది? – తెల్లబట్ట గురించి ఒక పాఠం

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. పీజీలో సూక్ష్మజీవుల గురించి చదివేటప్పుడు, ఈ పాఠం మన హాస్టల్‌కు తప్పక చేరాలనిపించింది.

దురద, మంట, తెల్లబట్ట అనగానే "వేడి చేసింది", "ఎముకలు కరుగుతున్నాయి" అంటారు. కొందరైతే అమ్మాయి నడవడినే అనుమానిస్తారు. ఆ భయంతో చాలామంది ఎవరికీ చెప్పుకోరు. అసలు సంగతి ఏమిటో చూద్దాం.

ఈస్ట్ అంటే?

కల్లు పులిసేదీ, బ్రెడ్ పొంగేదీ ఈస్ట్ వల్లనే. ఇది ఒకే కణం గల శిలీంధ్రం. ఈ జాతిలోదే కాండిడా ఆల్బికాన్స్. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోటిలో, పేగుల్లో, యోనిలో ఇది కొద్దిగా ఉంటుంది. ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ, చోటు ఆక్రమించుకొని, దీన్ని అదుపులో ఉంచుతుంది.

అతుక్కునే విధానం

చేనుగట్టు మీద నడిస్తే ఉత్తరేణి గింజలు బట్టలకు పట్టుకుంటాయి కదా! కాండిడా కూడా అంతే. దాని కణకవచం మీద అతుక్కునే ప్రోటీన్లు ఉంటాయి. అవి మన పైపొర కణాలను పట్టుకుంటాయి. పట్టు దొరికాక గుండ్రని కణం నుండి పొడవైన తంతువు మొలుస్తుంది. తంతువు మీద ఏఎల్ఎస్3, హెచ్‌డబ్ల్యూపీ1 వంటి ప్రోటీన్లు వచ్చి పట్టును ఇంకా బిగిస్తాయి. నోటిపొర కణాలపై 1999లో ప్రచురించిన పరిశోధనలో ఒక వింత బయటపడింది. మన శరీరంలోని ఎంజైమే ఈ హెచ్‌డబ్ల్యూపీ1ను మన కణానికి కుట్టేస్తుంది! తంతువులు కాండిడాలైసిన్ అనే విషాన్ని వదిలి కణాలను గాయపరుస్తాయని 2016లో తెలిసింది. ఆ గాయానికి శరీరం ఎదురుతిరగడం వల్లనే ఎరుపు, మంట, దురద.

అదుపు ఎప్పుడు తప్పుతుంది?

యాంటీబయాటిక్ మందులు వాడినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, చక్కెర వ్యాధి అదుపులో లేనప్పుడు. దీని వెనుక మన తెలుగువారికి సంబంధించిన చరిత్ర ఒకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడి నుండే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అనేక రకాల బాక్టీరియాను అణచే ఇటువంటి మందులు ఎందరి ప్రాణాలో కాపాడాయి. కానీ మంచి బాక్టీరియా కూడా చావడంతో ఈస్ట్ జబ్బులు పెరిగాయి. వాటికి మందు కనిపెట్టింది ఇద్దరు స్త్రీలు. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుండి నిస్టాటిన్ తీసి, 1950లో ప్రకటించారు. హేజెన్ చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని బంధువుల ఇంట పెరిగి చదువుకున్న మనిషి. మందు మీద వచ్చిన రాబడిని ఇద్దరూ సొంతానికి వాడుకోక విజ్ఞాన పరిశోధనకే ఇచ్చేశారు.

మనం చేయవలసినవి

1. తెల్లబట్ట అంతా జబ్బు కాదు. నెలలో కొన్ని రోజులు పలుచగా, వాసన లేకుండా కావడం సహజం. పెరుగు గడ్డల్లా చిక్కగా వచ్చి, దురద, మూత్రానికి వెళ్తే మంట ఉంటే ఈస్ట్ కావచ్చు. దుర్వాసన, పచ్చరంగు, జ్వరం, కడుపునొప్పి ఉంటే కారణం వేరు కావచ్చు. ఏదైనా డాక్టరమ్మకు చూపించాలి.

2. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ గోలీలు వేసుకోవద్దు. అవి ఈస్ట్‌ను చంపవు, పైగా పెంచవచ్చు. దీనికి క్లోట్రిమజోల్, ఫ్లూకోనజోల్ వంటి మందులు ఉన్నాయి. గర్భిణులు డాక్టర్ చెప్పకుండా ఏదీ మింగరాదు.

3. లోపల సబ్బుతో, డెటాల్‌తో కడగవద్దు. నూలు లోదుస్తులు వాడాలి. తడి బట్టలు వెంటనే మార్చుకోవాలి. సిగ్గుపడి చీకటి మూలన ఆరవేయకుండా ఎండలో ఆరవేయాలి.

4. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరిగి వస్తే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి.

స్త్రీలలో నలుగురిలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని అంచనా. పెళ్లికాని పిల్లలకూ వస్తుంది. దీన్ని సుఖవ్యాధిగా లెక్కించరు. కాబట్టి చెల్లెళ్లారా, నోరు కట్టుకొని బాధపడకండి. వార్డెన్ మేడమ్‌కో, ఏఎన్ఎం అక్కకో చెప్పండి. పక్క మంచం మీది చెల్లె చెప్పుకుంటే నవ్వకండి, ఆమెకు తోడుగా దవాఖానకు వెళ్లండి.