సోలార్ పంపుకు మే నెల లెక్కే లెక్క

ఎండ ఎంత ముదిరితే సోలార్ పంపు అంత ఎక్కువ నీరు పోస్తుందని చాలామంది రైతులు అనుకుంటారు. అది నిజం కాదు. సోలార్ పలకకు కావలసింది వెలుతురు. వేడి దానికి చేటు. వరంగల్ ప్రాంతంలో నీటి ఎద్దడి వచ్చేదీ, పలకలు కాగేదీ, దుమ్ము లేచేదీ ఒకే కాలంలో. కనుక అప్పు చేసి పంపు పెట్టుకునే రైతు మే నెల లెక్క ముందు చూసుకోవాలి.

వేడికి తగ్గేదెంత?
పలక మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం కరెంటు తగ్గుతుంది. మేలో పలక 65 డిగ్రీలకు కాగితే 16 శాతం పోయినట్టే. 3,000 వాట్ల పలకలు అప్పుడు 2,520 వాట్లే ఇస్తాయి. దుమ్ము మరో 5 శాతం తిన్నదనుకుంటే మిగిలేది 2,400 వాట్లు. మోటారు ఆగదు గానీ ధార సన్నబడుతుంది.

ముందు బోరు కొలవండి
వేసవిలో బోరును రెండు గంటలు నడిపాక, 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఎకరాకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 20 వేల లీటర్లు కావాలి. దాన్నిబట్టే వేసవి పంట ఎన్ని గుంటలో తేల్చుకోండి. బోరులో లేని నీటిని పెద్ద మోటారు తేలేదు, అప్పు మాత్రం పెరుగుతుంది. నీరు అందనప్పుడు మోటారును ఆపే ఏర్పాటు కంట్రోలరులో ఉండి తీరాలి.

బిగించేటప్పుడు
పలకలు దక్షిణానికి చూడాలి. మన ప్రాంతానికి 18 డిగ్రీల వాలు సరిపోతుంది. అంటే 3 అడుగుల నేలకు 1 అడుగు ఎత్తు. పలకల కింద గాలి బాగా ఆడాలి. ఒక్క పలక మీద కొమ్మ నీడ పడినా వరుసంతా దెబ్బ తింటుంది. చలికాలంలో నీడలు సాగుతాయి కాబట్టి చెట్టు ఎత్తుకు రెండింతల దూరం వదలండి. బండ్ల బాట, కళ్లం పక్కన పెట్టవద్దు. గాలిదుమారానికి తట్టుకునేలా స్తంభాలకు కాంక్రీటు దిమ్మెలు వేయించండి. ఎర్తింగ్, పిడుగు నుంచి రక్షణ మరువవద్దు.

దుమ్ము తుడవడం
తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలవచ్చు. మెత్తటి గుడ్డ చాలు. ఇసుక, సబ్బు పొడి వాడవద్దు. ఉప్పు బోరు నీరయితే తెల్ల మరకలు కట్టకుండా వెంటనే తుడిచేయాలి.

పంపు బిగించిన రోజు మధ్యాహ్నం 12 గంటలకు డ్రమ్ము నిండిన సమయం రాసిపెట్టుకోండి. తర్వాత మబ్బులేని రోజున అదే వేళకు మళ్లీ కొలవండి. సమయం పెరిగితే ముందు పలకలు కడిగి చూడండి. అప్పటికీ మారకపోతే మెకానిక్‌ను పిలవండి.