వలలేని వేటగాడు

సాలె అనగా నేతగాడు. సాలెపురుగు అనే పేరులోనే దాని వృత్తి ఉన్నది. అందువలన ఆ పేరు వినగానే మనకు ముందుగా స్ఫురించేది వల. అయితే మన గదుల గోడలపైనా, కిటికీలపైనా పగటివేళ తిరుగాడే ఒక చిన్న సాలీడు వల పన్ని ఎర కొరకు వేచియుండదు. నాలుగడుగులు నడిచి ఆగుతుంది. దేహమంతా త్రిప్పి చూస్తుంది. మరుక్షణం దుమికి ఈగను పట్టుకొంటుంది. ఇదే దుమికే సాలీడు. వల చేయవలసిన పనిని దీనికి చూపు చేసిపెడుతున్నది. ఆ చూపును గురించియే ఇక్కడ ముఖ్యంగా ముచ్చటింపదలచితిమి.

శాస్త్రజ్ఞులు వీటిని సాల్టిసిడే అనే కుటుంబంలో చేర్చారు. 6,000కు పైబడిన జాతులతో సాలీళ్ల కుటుంబాలన్నింటిలో ఇదే పెద్దది. వీటిలో చాలావాటి పొడవు ఒకటిన్నర సెంటీమీటరుకు మించదు.

దీనికి ఎనిమిది కన్నులు. ముఖాన ముందున్న రెండు పెద్ద కన్నులు ప్రధానమైనవి. పైకి గుండ్రంగా కనిపించినా లోపల ఇవి పొడవైన గొట్టాలు. ముందున్న కటకం కదలదు. గొట్టం చివరనున్న నేత్రపటలాన్ని కండరాలు అటునిటు కదుపుతాయి. ప్రక్కనున్న చిన్న కన్నులు కదలికను కనిపెట్టగా, కదలినది ఏమిటో పెద్ద కన్నులు పరిశీలిస్తాయి.

దుమకవలెనంటే దూరం తెలియవలెను. అది తెలిసే విధానాన్ని 2012లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించారు. నేత్రపటలంలో నాలుగు పొరలున్నవి. ఆకుపచ్చ కాంతిని గ్రహించే రెండు పొరలలో ఒకదానిపై బొమ్మ స్పష్టంగా, రెండవదానిపై మసకగా పడుతుంది. ఆ మసకను బట్టియే సాలీడు దూరాన్ని అంచనా వేస్తుంది. ఆకుపచ్చ వెలుతురులో గురి తప్పని సాలీళ్లు ఎర్రని వెలుతురులో ఎరకు ఇవతలే పడ్డాయి.

దుముకుటకు దీనికి మిడతవలె బలిసిన తొడలు లేవు. దేహంలోని ద్రవాన్ని ఒక్కసారిగా కాళ్లలోనికి నెట్టగా, వెనుక కాళ్లు చాచుకొని దేహాన్ని ముందుకు విసరుతాయి. దుమికే ముందు ఒక పట్టుపోగును నిలిచినచోట అంటిస్తుంది. గురి తప్పినా ఆ పోగున వ్రేలాడి తిరిగి పైకెక్కుతుంది. వల పన్నకపోయినా సాలె అన్న పేరు చెల్లినట్లే.

జాతుల వైవిధ్యం ఆశ్చర్యకరమైనది. మన మామిడిచెట్లపై ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలను మిర్మాప్లాటా అనే సాలీడు రూపంలోనూ, నడకలోనూ అనుకరిస్తుంది. చీమకు ఆరే కాళ్లు. కనుక ముందరి రెండు కాళ్లను మీసాలవలె పైకెత్తి నడుస్తుంది. కరిచే చీమ అని భ్రమించి శత్రువులు తొలగిపోతాయి. దక్షిణాసియాలోనూ కనిపించే పోర్షియా మరింత జిత్తులమారి. ఇతర సాలీళ్ల వలను మీటి, చిక్కిన పురుగు కొట్టుకొంటున్నట్లు నమ్మించి, వచ్చిన యజమానినే భక్షిస్తుంది. ఎర కనుమరుగైనా చుట్టుదారిన పోయి దానిని చేరగలదు. హిమాలయాలలో 6,700 మీటర్ల ఎత్తున కూడా ఒక జాతి కనిపించింది. మెక్సికోలోని బఘీరా కిప్లింగీ ప్రధానంగా తుమ్మజాతి మొక్కల ఆకుకొనలను తిని జీవిస్తుందని 2009లో తేలినది. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు ప్రాంతపు ఎవార్కా కులిసివోరా, రక్తం త్రాగిన ఆడదోమలను ఏరికోరి పట్టుకొంటుంది.

మన ఇళ్లలోని దుమికే సాలీళ్లు కూడా ఈగలను, దోమలను తింటాయి. మనకు హాని చేయవు. అయినా మేము చాలాకాలం వీటిని దుమ్ముతోపాటు చీపురుతో ఊడ్చివేసినవారమే. ఒకనాడు చీపురు ఆపి, జానెడు దూరంలో వ్రేలిని మెల్లగా కదిపి చూచితిమి. అది వెంటనే మావైపు తిరిగి నిలిచినది. ఇన్నాళ్లూ అది మమ్ము చూస్తూనే ఉన్నది, చూడనివారము మేమే. సూక్ష్మదర్శిని లేదని, ప్రయోగశాల చిన్నదని చింతించే విద్యార్థి మిత్రులారా! ఒక గోడ, కొంత ఎండ, కాస్త ఓర్పు ఉంటే ఈ పాఠం ప్రారంభించవచ్చును. ఇంతటి చిన్న ప్రాణి దుమికే ముందు అంత శ్రద్ధగా చూస్తున్నది. చీపురు ఎత్తే ముందు మనమూ ఒక్కసారి చూడవద్దా?